షావుకారి కారు, దగ్గు కారు

కార్ల షోరూముల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళు కనపడినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతారు. "మస్తాన్ గారూ, మీరు ఆ అమెరికా కంపెనీ షెడ్డులో అన్నేళ్ళు చేశారు కదా. అసలు ఆ కార్లు మంచివా, కావా?"

నాకు తెలియదు. తప్పించుకోవడానికి అంటున్న మాట కాదిది. ఆ కార్ల బానెట్లు ఎత్తీ దించీ నా నడుం వంగిపోయింది. కళ్ళు మూసుకుని చప్పుడు వింటే చాలు, ఏ బేరింగు పోయిందో చెప్పగలను. కానీ ఆ కంపెనీకి మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అంత పేరు ఎందుకొచ్చిందో, ఆ వచ్చిన పేరు మళ్ళీ ఎందుకు చెడిందో, చెడిన పేరు ఎలా బాగుపడిందో నా బుర్రకి ఇప్పటికీ అందలేదు. షెడ్డులో చేరే కుర్రాళ్ళకి పనికొచ్చే నాలుగు ముక్కలు రాయమన్నారని కూర్చున్నాను. రాస్తూ పోతే చివరికైనా తెలుస్తుందేమో చూద్దాం.

కంపెనీ పేరు రాయను. ఈ చుట్టుపక్కల నా వయసు వాళ్ళందరికీ తెలుసు. తెలియని వాళ్ళకి తెలియక నష్టం లేదు.

చేరిన కొత్తలో

అంతకు ముందు నేను ఒంగోలులో పొగాకు లారీలు బాగుచేసేవాణ్ణి. తొంభైల ఆఖర్లో గుంటూరులో ఆ కంపెనీ షోరూం పెడుతున్నారని తెలిసి వెళ్ళాను. మేనేజరు రామనాథం గారు మద్రాసు మనిషి. తెలుగు బాగానే మాట్లాడేవారు గానీ, కోపం వస్తే మాత్రం తమిళంలోకి వెళ్ళిపోయేవారు. నా చేతులు చూసి, ఇంకేమీ అడక్కుండా, "రేపు వచ్చెయ్" అన్నారు. ఆయన గురించి ఒక్క మాట ముందే చెప్పాలి. కస్టమరు ఎదురుగా మెకానిక్కుని ఒక్కసారి కూడా తిట్టలేదు. తర్వాత గదిలోకి పిలిచి వాయించేవారు, అది వేరే సంగతి. మీలో ఎవరైనా రేపు మేనేజర్లయితే ఈ ఒక్క గుణం పట్టుకోండి.

చెన్నైలో మాకు ట్రైనింగు ఇచ్చారు. ఇంజను కంటే ముందు కంపెనీ చరిత్ర చెప్పారు. అమెరికాలో ఎలా పుట్టిందీ, ఇంగ్లీషు వాళ్ళ కాలంలోనే మన దేశంలో కార్లు ఎలా అమ్మిందీ, స్వాతంత్ర్యం వచ్చాక మూటాముల్లె సర్దుకుని ఎలా పోయిందీ, ఇప్పుడు మళ్ళీ ఎందుకొచ్చిందీ. నాకు నిద్రొచ్చింది. ఈ చరిత్ర గుంటూరులో ఎవడిక్కావాలి అనుకున్నాను.

షోరూం తెరిచిన రోజున నా అంచనా తల్లకిందులైంది. డబ్బున్న కుర్రాళ్ళొస్తారనుకుంటే, పంచెలు కట్టుకున్న ముసలాళ్ళు వచ్చారు. కొనడానికి కాదు. కారు ముందున్న కంపెనీ గుర్తుని వేలితో తడిమి చూడ్డానికి.

"ఇదేనయ్యా! షావుకారి కారు మీద ఇదే ఉండేది" అన్నాడు ఒకాయన.

ఎవరా షావుకారు అంటే, ఒంగోలు వైపు ఒకప్పుడు పెద్ద పొగాకు వ్యాపారి. ఆయన దగ్గర ఈ కంపెనీ కారు ఉండేదట. గుండ్లకమ్మ పొంగుతుంటే ఆ కారు ఏటికి అడ్డంపడి అవతలి గట్టెక్కిందని ఒకాయన చెప్పాడు. బురదలో దిగబడ్డ పొగాకు లారీని లాగేసిందని ఇంకొకాయన. ఆ షావుకారు మంచివాడు, ఊళ్ళో ఎవరి పెళ్ళికైనా కారు ఇచ్చేవాడు, అందులో ఊరేగిన జంట ఒక్కటీ విడిపోలేదని మరొకాయన. వినేకొద్దీ నాకు నవ్వొచ్చింది. ఆ మోడలు ఏదని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేదు.

రామనాథం గారు ఎగిరి గంతేశారు. "మస్తాన్, మనం చెయ్యాల్సిన పని ఆ షావుకారు ఎప్పుడో చేసిపెట్టాడయ్యా!" అన్నారు. పెయింటరుని పిలిపించి గోడ మీద పాతకాలం కారు బొమ్మ గీయించారు. కింద 'మీ తాతగారికి తెలిసిన కారు' అని రాయించారు. కార్లు బాగానే అమ్ముడుపోయాయి.

ఏసీ సంగతి

మొదటి వేసవిలో మిర్చి యార్డు కమిషన్ వ్యాపారి బ్రహ్మయ్య గారు కారు తెచ్చి మా గేటు ముందు అడ్డంగా ఆపారు. దిగీ దిగగానే దగ్గు.

"ఏంటయ్యా మీ కారు! ఏసీ వేస్తే చాలు, ఊపిరి ఆడదు. మా ఆవిడైతే ఇక జన్మలో ఎక్కనంటోంది."

ఏసీ గ్యాసు లీకవుతోందని నేను చాలా ధీమాగా చెప్పాను. పైపులన్నీ విప్పి చూశాను. లీకు లేదు. గ్యాసు మార్చి పంపాను. మళ్ళీ వచ్చారు, మళ్ళీ దగ్గుతూనే. ఆయన వెనకాలే ఇంకో వ్యాపారి, ఆ వెనక ఇంకొకరు. షెడ్డు ముందు నిలబడి పెద్ద పెద్ద మనుషులు దగ్గుతుంటే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది.

చెన్నై నుంచి ఆనంద్ అని కుర్ర ఇంజినీరుని పంపారు. చదువు బాగా ఉన్నవాడు, మాట తక్కువ. గ్యాసు జోలికి పోకుండా, "బ్రహ్మయ్య గారు రోజూ ఎక్కడికెళ్తారో అక్కడికి మనమూ వెళ్దాం" అన్నాడు. వెళ్ళాం. యార్డులో బస్తాల మధ్య కారు ఆపి, అద్దాలు దించి, బ్రహ్మయ్య గారు బేరాలకి వెళ్ళారు. సాయంత్రం ఒకదాని మీద ఒకటిగా మచ్చు మిరపకాయల సంచులు తెచ్చి వెనకసీట్లో పడేశారు. అద్దాలు ఎత్తి ఏసీ వేశారు. అంతే, ముగ్గురం ఒకేసారి మొదలెట్టాం.

ఆనంద్ కళ్ళు తుడుచుకుంటూ డ్యాష్‌బోర్డు విప్పించాడు. లోపల గాలి చల్లబడే కాయిల్ మీద తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. మిరప దుమ్ము! అంబాసిడర్లో అద్దాలు దించుకుని తిరిగినంత కాలం ఆ దుమ్ము అలా వచ్చి ఇలా పోయేది. మిగతా కార్లలో ఏసీ ఉన్నా, ఆయిలు దండగని మనవాళ్ళు వేసేవాళ్ళు కాదు. మా కారు ఏసీ గట్టిది, దాన్ని చూసే కొన్నారు, అందుకే ఆపకుండా వేశారు. ఆ గట్టి గాలే దుమ్ముని మొహాన కొట్టింది.

కుర్రాడు కారణం కనిపెట్టాడు కదా, ఇక గొడవ తీరిందనుకున్నాను. బ్రహ్మయ్య గారికి ఆ ఎర్రగుడ్డ చూపించాను.

ఆయన గుడ్డ వంకా నా వంకా చూసి, "ఏమయ్యా మస్తానూ, నేను పుట్టింది మిరపకాయల్లో, పెరిగింది మిరపకాయల్లో. మిరపకాయలకి నేను దగ్గుతానా? మీ కారులో ఏదో ఉంది" అన్నారు.

ఆ సీజను తిరిగేసరికి మా కారుకి దగ్గు కారు అని పేరు పడిపోయింది. మిరపకాయ మొహం చూడని లాయరు గారు కూడా, "ఆ కారా, వద్దులే, దగ్గొస్తుందట" అనేవారు. మిగతా ఊళ్ళల్లో ఇదే కారుకి ఇలాంటి పేరు లేదని ఆనంద్ మొత్తుకున్నాడు. వినేవాడెవడు?

ఏడుకొండలు

దర్శి నుంచి ఏడుకొండలు వచ్చింది అప్పుడే. ఎవరి ట్రాక్టరో, ఎవరి జీపో తోలుకుంటూ బతికిన మనిషి. ఎప్పటికైనా తన పేరున ఒక బండి ఉండాలని పట్టుదల. బ్రహ్మయ్య గారు విసుగెత్తి కారు అమ్మేస్తుంటే, పెళ్ళిళ్ళకి బాడుగ తిప్పుదామని తెగించి కొనేశాడు. ఏసీ కారులో పెళ్ళికూతురు అంటే దర్శి చుట్టుపక్కల అప్పట్లో గొప్పే.

కానీ పేరు కారు కంటే ముందే దర్శి చేరింది.

"మొన్న అద్దంకిలో పెళ్ళివారు అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారండీ మస్తాన్ గారూ. పీటల మీదికెళ్ళే పిల్ల దగ్గితే అపశకునమంట. ఇంకో రెండు పెళ్ళిళ్ళ వాళ్ళూ అదే మాట. ఇది తిరక్కపోతే అమ్ముకోవాలి. అమ్ముదామన్నా కొనేదెవరు? మళ్ళీ ఎవరిదో స్టీరింగు పట్టుకోవాల్సిందేనా నేను?"

రామనాథం గారిని అడిగితే, "ఎంత పనైనా చెయ్యి, మన షెడ్డు ఖర్చు" అన్నారు. సీట్లు ఊడదీశాం. కార్పెట్లు ఉతికాం. కాయిల్ కొత్తది వేశాం. మూలమూలలా గాలి కొట్టాం. ఆ కారులో మిరప గింజ కాదు కదా, దాని నీడ కూడా లేకుండా చేశాం.

పరీక్ష కోసం దర్శి వెళ్ళాను. ఏడుకొండలు భార్యనీ, అత్తగారినీ వెనక కూర్చోబెట్టి అద్దంకి రోడ్డెక్కాం. నాలుగు చెట్లు దాటామో లేదో, అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గడం మొదలెట్టింది.

"అమ్మా, ఇంకా ఏసీ వెయ్యలేదమ్మా!" అన్నాను.

"వేస్తారుగా!" అంది ఆవిడ, దగ్గుతూనే.

ఏడుకొండలు స్టీరింగు మీద తల కొట్టుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. కుర్రాళ్ళూ, ఇది గుర్తుపెట్టుకోండి. కారులో ఉన్న జబ్బు మనం తియ్యగలం. మనుషుల్లోకి ఎక్కిన జబ్బుకి మన దగ్గర పానా లేదు.

కొత్తపట్నం పెద్దాయన

ఏడుకొండలు ఇక కారు వదిలించుకుందామని మా షోరూంకి వచ్చిన రోజునే కొత్తపట్నం నుంచి కోటయ్య గారు వచ్చారు. పడవలు, వలలు ఉన్న పెద్ద కుటుంబం. ఆయన గోడ మీద బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "నా పెళ్ళికి షావుకారు కారు పంపాడు. నేనూ, మా ఇంటిదీ అందులోనే ఊరేగాం. ఇప్పుడు మనవరాలి పెళ్ళి. ఆ కంపెనీ కారే కావాలి. బాడుగకి ఎవరన్నా ఇస్తారా?" అని అడిగారు.

రామనాథం గారు ఏడుకొండల్ని ముందుకు తోశారు.

ఏడుకొండలు నిజాయితీపరుడు. "పెద్దాయనా, దీన్ని దగ్గు కారంటారు. తర్వాత నన్ననొద్దు" అన్నాడు.

"ఏసీ ఎవడికి కావాలిరా? అద్దాలు దించు. పిల్ల నలుగురికీ కనపడాలి. షావుకారి కారుకి టాపే లేదు" అన్నారాయన.

అద్దాలు దించారు. ఎవరూ దగ్గలేదు. ఆ పెళ్ళి చూసినవాళ్ళు ఇంకో పెళ్ళికి అడిగారు. సముద్రం పక్క పల్లెల్లో మొదలైన మాట ఒంగోలు మీదుగా దర్శి దాకా పాకింది. షావుకారి కంపెనీ కారు, అందులో ఊరేగిన జంట విడిపోదు! ముహూర్తాల రోజుల్లో ఏడుకొండలు దొరకడం కష్టమైపోయింది. అదే కారు, అదే కంపెనీ, అదే మనిషి. పెళ్ళివారు అద్దాలు దించుకుని షావుకారి కారు అనేవాళ్ళు. గుంటూరు వాళ్ళు అద్దాలు ఎత్తుకుని దగ్గు కారు అనేవాళ్ళు. నేను మధ్యలో బుర్ర గోక్కుంటూ ఉండేవాణ్ణి.

పొగాకు బ్యారన్లో

రెండువేల సంవత్సరం దాటాక, షావుకారి వారసుల నుంచి మాకు కబురొచ్చింది. ఆ పాత కారు ఇంకా ఉందట. వాడకం మానేసిన బ్యారన్లో, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టంలో పెట్టారట. నడుస్తుందేమో చూడమన్నారు. రామనాథం గారికి కాలు నిలవలేదు. దాన్ని షోరూం ముందు నిలబెట్టాలని ఆయన ఆశ. నన్ను పంపుతుంటే ఏడుకొండలు, "నేనూ వస్తానండీ. నాకు అన్నం పెడుతున్న కారు కదా, ఒకసారి దణ్ణం పెట్టుకోవాలి" అన్నాడు. తన కారులోనే తీసుకెళ్ళాడు. కొబ్బరికాయ కూడా కొన్నాడు.

బ్యారన్ తలుపు తీస్తే గుప్పున పాత పొగాకు వాసన. గోనెపట్టాలు లాగాం. నిజంగానే పెద్ద కారు. టాపు లేదు. కోటయ్య గారు చెప్పింది ఆ మేరకు నిజమే. బానెట్ మీద దుమ్ము తుడిచాను. గుర్తు కనపడింది. మాది కాదు. మళ్ళీ తుడిచాను. ఇంజను మీద అచ్చు చూశాను. డోరు పక్కన రేకు చూశాను. మా కంపెనీ కాదు సరికదా, అసలు అమెరికా కారే కాదు. ఇంగ్లండులో చేసింది.

ఇన్నాళ్ళు ఆ ముసలాళ్ళు వేలితో తడిమిందేమిటి? మా గోడ మీద బొమ్మేమిటి?

ఏడుకొండలుకి ఇంగ్లీషు చదవడం పెద్దగా రాదు. కానీ తన కారు గుర్తు తనకి తెలియదా? చేతిలో కొబ్బరికాయ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇది మనది కాదు కదండీ?"

"కాదు."

"మరి ఇన్ని పెళ్ళిళ్ళు నేను..." అంటూ కొబ్బరికాయ వంక చూశాడు. "కోటయ్య గారికి నేనేం చెప్పాలి?" అన్నాడు.

"ఏమీ చెప్పకు" అన్నాను నేను. "దగ్గు గురించి నిజం చెబితే ఎవడు నమ్మాడు? ఇది మాత్రం నమ్ముతారు చూడు. నీ బాడుగలన్నీ పోతాయి. నోరు మూసుకుని తిప్పుకో."

రామనాథం గారికి ఫోను చేస్తే ఆయనా అదే అన్నారు. "మస్తాన్, నువ్వు వెళ్ళావు, కారు బాగుకాదన్నావు. అంతే."

తిరుగు దారిలో ఒంగోలు దగ్గర గుంటూరు వైపు తిప్పాల్సిన ఏడుకొండలు కొత్తపట్నం వైపు తిప్పాడు.

"ఒరేయ్, ఎక్కడికిరా?" అని అరిచాను.

"ఆయన రెండో మనవరాలి పెళ్ళికి మాటిచ్చానండీ. కారు కోసం కాదు, షావుకారి కారని పిలుస్తున్నాడు. చెప్పకుండా ఎలా తిప్పను? పోతే పోయింది. ట్రాక్టరు తోలడం మర్చిపోలేదుగా."

వాడి మీద కోపం వచ్చింది. గర్వంగానూ ఉంది.

కోటయ్య గారు ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నారు. ఏడుకొండలు నిలబడే అంతా చెప్పాడు. గుర్తు వేరు, కంపెనీ వేరు, దేశమే వేరు. నేను పక్కన నిలబడి అవునన్నాను.

పెద్దాయన వల పక్కన పెట్టలేదు. తలెత్తి, "నువ్వెన్నేళ్ళోడివిరా?" అన్నారు.

ఏడుకొండలు ఏదో చెప్పాడు.

"నేను అందులో కూర్చున్నాను. మీరు చూశారంతే. కూర్చున్నోడికి తెలుస్తుందా, చూసినోడికి తెలుస్తుందా? ఆ వారసులు కారు మార్చేసుంటారు. ఆదివారం ముహూర్తం, పెందలాడే వచ్చెయ్. అద్దాలు దించి ఉంచు" అని మళ్ళీ వల పట్టుకున్నారు.

నిజం చెప్పి తిండి పోగొట్టుకుందామని వెళ్ళినవాడికి ఇంకో బాడుగ ఖాయమైంది. కారులో ఉన్న కొబ్బరికాయని చివరికి ఏడుకొండలు తన కారు ముందే కొట్టాడు.

ఆఖరి రోజు

రామనాథం గారు మద్రాసు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు గోడ మీది బొమ్మకి వెల్ల వేయిస్తారేమోనని చూశాను. వేయించలేదు. ఆనంద్ పెద్ద ఉద్యోగంలోకి వెళ్ళాడు. తర్వాత వచ్చిన మోడళ్ళలో గాలికి జల్లెడ పెట్టారు, దుమ్ము రాదు. అయినా మిర్చి యార్డులో మా కారు పేరెత్తితే గొంతు సవరించుకునేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళని నేను ఒకప్పుడు తిట్టుకునేవాణ్ణి. ముసలాళ్ళ కథలకీ నవ్వుకునేవాణ్ణి. మంచిపేరూ మా కంపెనీది కాదు, చెడ్డపేరూ మా కంపెనీది కాదు, ఈ జనానికి బుద్ధి లేదు, నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని నాకు కొంచెం పొగరు కూడా ఉండేదేమో.

రిటైరైన రోజు షెడ్డులో దండలు వేశారు. ఇంటిదాకా దించడానికి ఏడుకొండలు దర్శి నుంచి పనిగట్టుకుని వచ్చాడు. అదే కారు. రంగు వెలిసింది, సీట్లు రెండుసార్లు మార్చాడు. కానీ అద్దంలా ఉంచాడు. ఎన్నేళ్ళుగానో అందులో పూలదండలు తప్ప ఇంకేమీ ఎక్కలేదు. ఆ కాయిల్ నా చేత్తో వేసిందే. అందులో ఏముందో, ఏం లేదో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మే నెల ఎండ. నేను ముందు సీట్లో కూర్చున్నాను. దుమ్ము లేస్తోందని ఏడుకొండలు అద్దాలు ఎత్తాడు. చెయ్యి ఏసీ మీట వైపు చాచాడు.

నాకు గొంతులో గరగరమంది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. దండ ఊగిపోయేలా దగ్గాను. కళ్ళవెంట నీళ్ళొచ్చేశాయి.

ఏడుకొండలు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నా వైపు తిరిగి, నవ్వకుండా, చాలా మెల్లగా అన్నాడు.

"ఇంకా వెయ్యలేదండీ."

అద్దాలు దించేశాడు.